తవుడు బోను, అవ్వ అర్ర

పోయిన నెల ఒకనాడు పొద్దున ఎల్లారెడ్డిల నా కుట్టు దుకాణం షట్టరు లేపుతుంటే ఫోన్ మోగింది. కామారెడ్డి నుంచి వదిన. సొంత వదిన గాదు, అక్కడ మేం కిరాయికున్న ఇంటి కోడలు, పిలుపుకు వదిన. "అవ్వ పోయింది పిల్లా. నిన్న పగటీలి అన్నం తిని పండుకున్నది, ఇగ లేవలే" అన్నది. షట్టరు సగంల ఆపి ఆ మెట్టు మీదనే కూసున్న. జాకెట్టు కోసం వచ్చినామె ఏమైంది ఏమైంది అంటున్నది. మా ఇంటి ఓనరమ్మ చచ్చిపోయిందమ్మా అంటే, "గింతేనా, నేనింకెవ్వరో అనుకున్న" అన్నది. ఆమెకు ఆ పూట జాకెట్టు ఇయ్యలే.

నిజమే, అవ్వ మాకు సుట్టం గాదు. కొన్నేండ్లు ఆమె ఇంట్ల పై పోర్షన్ల ఉన్నం, అంతే. మా అమ్మతోని గూడ నేను అన్నిసార్లు కొట్లాడలే. నీళ్ల మోటరు కాడ కొట్లాట, మెట్ల మీద చెప్పులు ఇడిస్తే కొట్లాట, మిషన్ సప్పుడుకు కొట్లాట. గంట అయినంక గిన్నెల సర్వపిండి ముక్క పట్టుకొని మీదికొచ్చేది. "మాడింది, మావోళ్లు తింటలేరు, నువ్వన్న తిను" అనేది. మాడిన ముక్క నేనొక్కనాడు గూడ చూడలే.

ఆమె ఎప్పుడు పుట్టింది, ఎట్ల బతికింది అంటే నాకు సరిగ్గ తెల్వదు. తల్లిగారిది ఎల్లారెడ్డి అని మాత్రం తెలుసు, ఎందుకంటే మాటకు ముందు "మా ఎల్లారెడ్డిల గిట్లుండదు" అనేది. ఉప్పు ఎక్కువైనా, ఎండ ఎక్కువైనా అదే మాట. ఇప్పుడు నేను ఎల్లారెడ్డిలనే ఉంటున్న. అంత తేడా ఏం లేదు. ఆ మాట ఆమెతోని అని ఒక్కసారి ఏడిపిద్దామనుకున్న, కుదరకపాయె.

నడుముకు తాళంచెవుల గుత్తి ఉండేది. మెట్లెక్కి వస్తుంటే ఆ సప్పుడుకే నేను మిషన్ ఆపి చీర సర్దుకునేదాన్ని. కొన్ని రోజులకు నాకు తెలిసిందేందంటే, ఆ చెవులతోని తెరిచే తాళాలు ఇంట్ల ఒక్కటి గూడ లేవు. పాత ఇంటియి, పాత పెట్టెలయి. బీరువా చెవి కోడలి కాడ, గేటు చెవి కొడుకు కాడ. "మరి ఎందుకవ్వా ఇవన్ని మోస్తున్నవ్?" అంటే, "ఇల్లు నా పేరు మీదనే ఉన్నది" అన్నది. ఏం అడిగినా ఆఖరుకు ఆడికే వచ్చేది. మాట నిజమే. ఎల్లారెడ్డిల తన వాటా భూమి అమ్మి కట్టిన ఇల్లు అది, కాగితాల మీద ఆమె పేరే.

కాగితాల మీద ఇల్లున్న ఆ మనిషికి ఆ ఇంట్ల ఒక అర్ర లేదు. కింద రెండు పెద్ద అర్రలు, హాలు, వంటిల్లు, పక్కకు చిన్న అర్ర ఒకటి. ఒక పెద్ద అర్ర కొడుకు కోడలిది, ఇంకోటి సదువుకునే పిల్లలది. చిన్న అర్రల కొడుకు దుకాణం సామాను. ఆయనకు బోరు మోటర్లు, పైపుల దుకాణం. అవ్వ హాల్ల దివాన్ మీద పండేది. టీవీ ముందు. ఎవరన్న సుట్టాలొస్తే లేసి, బొంత మడిచి దివాన్ కింద పెట్టి, పోయి బయట మెట్ల మీద కూసునేది. ఆమె గోలీలు టీవీ పక్కన, చీరలు కోడలి బీరువాల కింది అరల, అద్దం దువ్వెన కిటికీల. పగటీలి నిద్రొస్తే కొంగు మొఖం మీద కప్పుకునేది. చుట్టూ పిల్లల లొల్లి, సీరియల్ ఏడుపులు, అండ్ల కొంగు కింద ఈమె.

కొడుకు చెడ్డోడు గాదు, అది ముందే చెప్పాలె. తల్లికి గోలీలు తప్పనిచ్చేటోడు గాదు. వదిన ఆమె తినేదాక తను తినేది గాదు. అట్లాంటి ఇంట్ల ఆమెకు ఏం తక్కువున్నదో ఎవ్వలకు కనపడలే. నాకు గూడ కనపడలే. మా కుక్క రాకపోతే ఎప్పటికీ కనపడకపోయేది.

మా ఆయనకు బియ్యం మిల్లుల పని. అప్పుడు భిక్నూర్ దిక్కు మిల్లుల ఉండె. ఆడ కుక్క ఈనింది, ఒక పిల్లను సంచిల ఏసుకొని తెచ్చిండు. తవుడు రంగు, తవుడు వాసన. తవుడు అనే పేరు పెట్టిన. పొద్దున ఆయన మిల్లుకు, నేను కామారెడ్డిలనే ఉన్న నా కుట్టు దుకాణానికి పోతే మల్ల పగటీలి నేనే వచ్చుడు. ఆ లోపల అది ఒకరి పెండ్లి జాకెట్టు నమిలింది. తెల్లారి మంచం కోడు. ఆ తెల్లారి మేం లేంది చూసి పగటీలి దాక కుయ్యో మొర్రో అని ఒర్రిందట. సాయంత్రం అవ్వ మీదికొచ్చింది.

"మావోడు నడువదంటున్నడు. నేనే ఆపిన. బతుకమ్మ పండుగ దాక చూస్త. అప్పటికి గిట్లనే ఒర్రితే, ఇల్లు ఖరాబు చేస్తే, కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె. ఇల్లు నా పేరు మీదనే ఉన్నది."

మా ఆయన ఫోన్‌ల వీడియో చూసి బోను అలవాటు చేద్దామన్నడు. ఇంగ్లీషుల క్రేట్ అంటరట. ఇంట్లనే ఒక మూలకు పెట్టి కుక్కకు అదే తన జాగ అని నేర్పాలె. నేర్చిందంటే మేం లేనప్పుడు అండ్ల సల్లగ పండుకుంటదట. కొనేది పిరమని, గ్రిల్లులు చేసే వెల్డింగ్ దుకాణంల చెప్పిన. "కోళ్లకా, కుందేళ్లకా?" అన్నడు. కుక్కకు, ఇంట్లకే అంటే నన్ను కింది నుంచి మీదికి చూసిండు. ఆయన చెయ్యికి అలవాటైన తీరుగ, కిటికీకి ఏసినట్టు పువ్వుల డిజైన్ ఏసి, ఆకుపచ్చ రంగు కొట్టి, ట్రాలీ ఆటోల తెచ్చి గేటు ముంగట దించిండు. అయ్యాల శనివారం.

అవ్వ గేటుకు అడ్డం నిలబడ్డది. "ఇయ్యాల ఏ వారం?"

"శనివారం."

"శనివారం నాడు ఇనుము ఇంట్లకు తెస్తరా ఎవ్వలన్న? ఏడున్నర్రు మీరు?"

"అవ్వా, అది కుక్క బోను."

"కుక్కదైనా ఇనుము ఇనుమే. రేపు పొద్దుగాల తెచ్చుకో."

"గల్లీల ఇడిసిపెడితే ఎవ్వలన్న ఎత్తుకపోతరు గదా!"

"ఎట్ల ఎత్తుకపోతరు? నేన్లేనా?"

లోపలికి రానియ్యదు, బయట పోనియ్యదు. కుర్చీ తెచ్చుకొని బోను పక్కన కూసున్నది. పోయేటోళ్లు వచ్చేటోళ్లు ఆగి ఏందవ్వా ఇది అని అడుగుడే. మొదట్ల "మీదోళ్ల కుక్కకు" అని ఓపికగ చెప్పింది. పొద్దు గూకే యాళ్లకు యాష్టకొచ్చింది. పాలాయన అడిగితే "నాకే! అండ్ల పండుకుంట!" అని ఒక్క అరుపు అరిసింది. పాపం, ఆయన బండి స్టార్ట్ గూడ చెయ్యకుంట నూక్కుంట పోయిండు. చీకటి పడ్డంక మా ఆయన గొలుసు తెచ్చి బోనును గేటుకు కట్టేదాక ఆమె కదలలే.

ఆదివారం పొద్దున బోను లోపలికి వచ్చింది, కాని ఉత్తగ రాలే. కొత్త బండికి చేసినట్టే దానికి పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది, ముంగట కొబ్బరికాయ కొట్టింది. ఆ దెబ్బకు తవుడు పోయి కుట్టు మిషన్ కింద దాక్కున్నది. ఎంత పిలిచినా రాదు. నాకు ఒళ్లు మండింది. దేన్నైతే ఇష్టపడాలనో దాన్ని చూసి మొదటి రోజే భయపడ్డది, ఇంకేం అలవాటైతది అని లొల్లి చేసిన. అవ్వ కొబ్బరి చెక్క పగలగొట్టి ఒక ముక్క బోనులకు ఇసిరి, మా ఇద్దరిని వంటింట్లకు పొమ్మన్నది. కొంచెం సేపటికి తవుడు మెల్లగ పోయి, ముక్క నోట కరుచుకొని, ఉరికొచ్చింది. "సూడు" అన్నది అవ్వ, తనే నేర్పినట్టు.

ఫోన్‌ల చెప్పినాయన లెక్క వేరే. బుక్క అండ్లనే పెట్టు, తలుపు తెరిచే ఉంచు, అదే పోవాలె. మెడ పట్టి నూకొద్దు. తప్పు చేసిందని కోపంతోని అండ్ల ఎయ్యొద్దు. పోవుడు అలవాటైనంక తలుపు జరసేపు మూసి తియ్యి, దినాం కొంచెం కొంచెం పెంచు. ఏడిస్తే తియ్యొద్దు, ఊకున్నంకనే తియ్యి. ఇదంత నేను అవ్వకు చదివినట్టు చెప్పిన. ఆమె చెంపకు చెయ్యి పెట్టుకొని విన్నది. "ఏం ఖూనీ చేసింది గది, బోన్ల పెట్టనీకి?" అన్నది ఆఖరుకు.

ఎవ్వలు నమ్మరు గని, ఆ కుక్క ఒర్రుతున్నదని పంచాయితి పెట్టిన మనిషే దానికి ఒర్రుడు నేర్పింది. నేను బోను తలుపు మూసి, ఇంటి తలుపు దగ్గరికేసి పొద్దున దుకాణానికి పోవుడే ఆలస్యం, అది కుయ్యిమంటే సాలు, మెట్లెక్కి వచ్చి పై ఊచల నుంచి ఎండుకొబ్బరి కుడుక ముక్క ఏసేది. మల్ల కుయ్యిమంటే సకినం ముక్క. మా తవుడుకు పాఠం బాగ ఎక్కింది. ఒర్రుతే తిండి. నాకు అర్థం గాకపాయె. ఆదివారాలు నేనుంటే మంచిగుంటది, నేను పోతే గల్లీ అంత లేస్తది. ఒకనాడు బోను కింద గోనె దులిపితే కుడుక ముక్కలు, సకినాల పొడి.

"ఎవ్వలేసిన్రవ్వా ఇవి?"

"నాకేం తెలుసు? గాలికొచ్చినయేమో."

"సకినాలు గాలికొస్తయా?"

"ఏడుస్తుంటే సూడబుద్ధి గాలే పిల్లా" అన్నది. మొఖం అటు తిప్పుకున్నది. "ఏడ్చేదాన్ని సూసుకుంట ఊకె ఉండుమంటవా?"

అప్పుడు నాకు కోపం పోయి నవ్వొచ్చింది. కాని బతుకమ్మ పండుగ దగ్గర పడుతున్నది. అన్న, అంటే అవ్వ కొడుకు, మెట్ల కాడ కనపడితే సాలు "ఏమాయె మీ తవుడు సంగతి" అంటున్నడు. అవ్వను కూసుండబెట్టి గట్టిగ చెప్పిన. ఒర్రినప్పుడు ఇచ్చినవంటే అది ఒర్రుతనే ఉంటది, ఊకున్నప్పుడు ఇయ్యి, లేకుంటే నీ చేతులతోనే దాన్ని ఎల్లగొట్టినట్టు. ఆమె గుత్తి నడుముకు సర్దుకొని లేసింది. తెల్లారి నుంచి బోను ముంగట పీట ఏసుకొని కూసున్నది. తవుడు ఒర్రితే మొఖం గోడ దిక్కు తిప్పుకునేది. అది ఊకున్నంక, ఇంక జరసేపు ఆగి, కుడుక ముక్క ఇచ్చేది. దుకాణం నుంచి నేను పగటీలి వచ్చేసరికి బోనుల తవుడు నిద్ర, బయట చాప మీద అవ్వ నిద్ర. మొఖం మీద కొంగు లేదు. అది నేను చూసిన, కాని ఎందుకో అని ఆలోచన చెయ్యలే.

కొన్ని రోజులకు తవుడు మారింది. నేను సంచి అందుకుంటే సాలు అదే పోయి అండ్ల ముడుసుకొని పండుకునేది. తలుపు మూసుడు గూడ బంద్ చేసిన. అన్న తన నోటితోనే "మంచిగైంది గదా" అన్నడు. పండుగ దాటింది, మేం ఇల్లు ఖాళీ చేసుడు తప్పింది. నా మట్టుకు కత అయిపోయింది. అవ్వకు మాత్రం ఆ తర్వాతనే మొదలైంది.

ఒక ఆదివారం అవ్వ మనవలిద్దరు మీదికొచ్చి, బోనుల పండుకున్న తవుడు తోక పట్టి గుంజుతున్నరు. నేను ఒక్క కేక ఏసిన. "అండ్ల ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు! అది దాని అర్ర. అదొస్తే ఆడుకోండ్రి, రాకుంటే ఊకోండ్రి." పిల్లలు ఉరికిన్రు. అవ్వ పీట మీదనే ఉన్నది.

"దాని అర్రనా?" అన్నది.

"అవునవ్వా. గట్లనే అలవాటు చెయ్యాలట."

"పండుకున్నప్పుడు ఎవ్వలు లేపొద్దా?"

"లేపొద్దు."

"సుట్టాలొస్తే?"

"సుట్టాలొస్తే దానికేంది?"

"మరి నువ్వు పిలిస్తే?"

"నేను పిలిచినా దానికి బుద్ధయితేనే వస్తది."

అవ్వ బోను దిక్కు చూసింది. ఆ పువ్వుల ఊచలు, లోపల నా పాత చీర మడత, దాని మీద మూతి ఆనిచ్చి పండుకున్న కుక్క. "మంచిగున్నది దీని బతుకు" అన్నది. ఎగతాళికి అన్లే. మోకాళ్ల మీద చెయ్యి ఆనిచ్చి లేసి, గుత్తి సప్పుడు చేసుకుంట మెట్లు దిగిపోయింది. కింద ఎవరో వచ్చిన్రు, దివాన్ మీది బొంత తీస్తున్న సప్పుడు ఇనపడ్డది. ఇన్నేండ్లు ఆ సప్పుడు ఇన్న, ఒక్కనాడు గూడ నాకేం అనిపియ్యలే.

తర్వాత ఆమె చేసింది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. అర్ర కావాలె అని అడగలే. అడిగితే ఏమంటరో ఆమెకు తెలుసు. హాల్ల ఏం తక్కువైందమ్మా అంటరు. అందుకే తవుడుకు చేసినట్టు చేసింది. ఒకనాడు చిన్న అర్ర తలుపు తెరిచి గడప మీద కూసొని చిక్కుడుకాయలు ఒలిచింది. ఇంకోనాడు లోపల ఒక మోటరు డబ్బాను పక్కకు జరిపి పీట ఏసుకున్నది. కొన్నాళ్లకు తల కింది మెత్త అండ్లకు పోయింది. తర్వాత గోలీల డబ్బా, అద్దం. అన్న పైపుల కోసం పోయినప్పుడల్ల జరంత జాగ తక్కువైతనే ఉన్నది.

"నువ్వే అంటివి గదా, మెల్లగ అలవాటు చెయ్యాలె అని" అన్నది నాతోని.

"నేను కుక్కకన్న అవ్వా!"

"వీళ్లకు గూడ గట్లనే చెయ్యాలె. ఒక్కసారి అయితే బెదురుతరు."

బొంత పోయిన రోజు ఇంట్ల తెలిసింది. పగటీలి అవ్వ చిన్న అర్రల తలుపు దగ్గరికేసుకొని పండుకున్నది. అన్న అన్నానికి వచ్చి అమ్మా అని పిలిచిండు. సప్పుడు లేదు. అమ్మా, ఏమైందే, అని గాబరాతోని తలుపు నూకిండు. నేను మీది నుంచి ఉరికొచ్చిన. ఆమె కండ్లు తెరిచే ఉన్నది, అటు దిక్కు తిరిగి పండుకున్నది.

"పలకవేందమ్మా? పానం పోయింది నాకు!"

"పలికితే మల్ల పిలుస్తవ్" అన్నది అవ్వ, తిరగకుండనే. నేను నోరు మూసుకొని మెట్లెక్కిన. మీద మిషన్ మీద తల పెట్టి నవ్విన నవ్వు కింద ఇనపడే ఉంటది.

అన్నకు మాత్రం నవ్వు రాలే. ఇజ్జత్ పోతదన్నడు. సామాను అర్రల తల్లిని పడేసిన్రని నలుగురు అంటరు, పంకా లేదు, దోమలు, నీకు హాల్ల ఏం తక్కువైంది. సరిగ్గ ఆమె అనుకున్న మాటే. వదిన గూడ నారాజైంది. "నేను చూసుకుంటలేనని ఊరంత చెప్పుతున్నట్టే గదా ఇది" అని నా కాడికొచ్చి కండ్లు తుడుచుకున్నది. ఆమె తప్పు గాదు, నిందవడేది కోడలే. కుక్కకు అర్ర ఇచ్చినదాన్ని నేనే గదా.

కొన్ని రోజులకు పిట్లం నుంచి అవ్వ ఆడిబిడ్డ వచ్చింది. వస్తనే చిన్న అర్రల పీట మీద ఉన్న అవ్వను చూసి నెత్తి కొట్టుకున్నది. "అయ్యో వదినె, నిన్ను ఈ అర్రల పడేసిన్రా! నీ ఇంట్ల నీకే గీ గతి పట్టెనా!" ఏడుపు మొదలు పెట్టింది. అన్న మొఖం నల్లగైంది. వదిన చాయ్ గ్లాసు పట్టుకొని దర్వాజ కాడ ఆగిపోయింది. పెండ్లి పత్రిక ఇయ్యనీకి వచ్చినోళ్లు గూడ హాల్లనే ఉన్నరు. ఆ ఒక్క నిమిషంల అవ్వ తడబడితే, కండ్లల నీళ్లు పెట్టుకుంటే, అర్ర పోయేది. మల్ల దివానే.

అవ్వ కొంగు నడుముల దోపింది. "పడెయ్యలే. నేనే వచ్చిన" అన్నది. "పెండ్లికి ముందు మా అవ్వ పక్కల పండుకున్న. పెండ్లయినంక మీ అన్న పక్కల. తర్వాత పిల్లల నడుమ. ఆయన పోయినంక టీవీ ముందట. నా పక్కల ఎవ్వలు లేకుంట ఒక్కదాన్నే పండుకుంటే ఎట్లుంటదో సూద్దామని వచ్చిన. మంచిగున్నది. నా కొడుకు పంకా గూడ పెట్టిస్తున్నడు."

పంకా సంగతి అన్నకు అప్పుడే తెలిసింది. నలుగురి ముంగట అన్నంక ఏం చేస్తడు, తెల్లారి పెట్టిచ్చిండు. మోటరు డబ్బాలు దుకాణానికి పోయినయి. పైపులు వాకిట్ల గోడకు చేరినయి. అవ్వకు అర్ర వచ్చింది.

ఆ తర్వాత మేమున్నన్ని దినాలు ఆమె పగటీలి మా మీదికి వచ్చుడు తగ్గింది. నేనే కిందికి పోయేదాన్ని. తలుపు దగ్గరికేసి ఉంటే తిరిగొచ్చేదాన్ని. తెరిచి ఉంటే పోయి కూసునేదాన్ని. మంచం, పెట్టె, కిటికీల అద్దం, అంతే. గోడకు ఏం పెట్టుకోలే. "ఫోటోలన్ని హాల్లనే ఉండనియ్యి, ఈడ గూడ నన్ను సూసుకుంట ఎందుకు" అన్నది. కొట్లాటలు గూడ తగ్గినయి. ఒకనాడు నేనే తట్టుకోలేక "మోటర్ ఇడిసిపెట్టి పండుకున్నవేందవ్వా, నీళ్లన్ని పోయినయి" అని కయ్యం పెట్టుకున్న. మల్ల సర్వపిండి వచ్చింది.

మా ఆయనకు ఎల్లారెడ్డి మిల్లుల పని దొరికి మేం ఇల్లు మారినం. పోయే రోజు అవ్వ తవుడు తల మీద చెయ్యి పెట్టింది. "మా ఊరికి పోతున్నవ్, మంచిగుంటది" అన్నది. గేటు దాక వచ్చి నిలబడ్డది. ఫోన్‌ల మాట్లాడుకుందమనుకున్నం. మాట్లాడినం గని, ఫోన్‌ల కొట్లాట మంచిగ కుదరది.

దినాల నాడు కామారెడ్డి పోయిన. అన్న గుండు చేయించుకొని వాకిట్ల కూసున్నడు, మనిషి సగమైండు. నన్ను చూసి "అర్రలనే పోయింది. పండుకున్నదని ఎవ్వలం పిలవలే" అన్నడు. ఆ అలవాటు ఆ ఇంటికి ఎట్ల వచ్చిందో నాకు తెలుసు. పిలిచి ఉంటే బతికేదా? పిలవకుంట ఆ ఒక్క నిద్రన్న ఆమెను పోనిచ్చుడు మంచిదైందా? ఆడ కూసొని ఎంత ఆలోచించినా తెగలే, ఇప్పటికీ తెగుతలేదు.

అన్నాలయినంక సుట్టాలు ఒక్కొక్కరే పోయిన్రు. వానకాలం ముంగట, బోర్ల సీజన్. పాపం అన్నకు దుకాణం గూడ చూసుకోవాలె గదా. దుకాణంల పని చేసే ఇద్దరు పైపుల బండితోని వచ్చిన్రు. అన్న కండ్లు తుడుచుకొని, "బయట తడుస్తయి. ఆ చిన్న అర్రల పెట్టున్రి, ఖాళీనే గదా ఇప్పుడు" అన్నడు. తల్లి మీద ప్రేమ లేక అన్లే. అర్ర ఖాళీ అయింది, సామాను వచ్చింది, ఆ ఇంట్ల ఎప్పుడు గట్లనే నడిచింది.

వదిన వంటింట్ల గిన్నెలు సర్దుతున్నది. చేతులు తడితడిగనే బయటికొచ్చింది.

"ఆ అర్ర ఖాళీ లేదు" అన్నది.

"ఎవ్వలున్నరు?"

"నేనున్న."

అన్నకు అర్థం గాలే. "మన అర్రకేమైంది?"

"అది నీది. ఆ పక్కది పిల్లలది. అందరు పండుకున్నంక పండుకుంట, అందరికంటే ముందు లేస్త. వచ్చిన కాన్నుంచి ఈ ఇంట్ల నేను తలుపేసుకునేది స్నానానికి పోయినప్పుడే." ఆమె గొంతు పెంచలే. ఇన్నేండ్లల ఆమె భర్తతోని అంత పెద్ద మాట మాట్లాడుడు నేనెన్నడు వినలే. "అత్తమ్మను నేను గూడ ఆపబోయిన. నలుగురేమంటరో అని ఏడ్చిన గూడ. ఇప్పుడు అనుకోనియ్యి."

పనోళ్లు పైపులు భుజాల మీద మోసుకొని అట్లనే నిలబడ్డరు. అన్న తల్లి మంచం దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. "గేటు కాడ దించున్రి. మీదికెల్లి కవరు కప్పున్రి" అన్నడు పనోళ్లతోని.

వదిన చేతులు కొంగుకు తుడుచుకొని, నా దిక్కు ఒక్కసారి చూసి, చిన్న అర్రలకు పోయింది. అవ్వ ఆ అర్రల ఉన్నన్ని దినాలు తలుపు దగ్గరికేసుకునేదే గని ఒక్కనాడు గూడ గడియ పెట్టుకోలే, నాకేమన్నయితే తలుపు పగలగొట్టాల్సొస్తది పాపం అనేది. వదిన గడియ పెట్టుకున్నది.